పైన మేకు కొట్టిన టపా

తీయనని చెప్పి ఫోను పెట్టేశాను. అవతల మాట్లాడింది పరాయివాడేమీ కాదు, టపాలాయన కొడుకు. బద్వేలులో ఎరువుల అంగడి పెట్టుకుని బాగా బతుకుతున్నవాడు, నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. తండ్రి దినాలు ముగిసి పట్టుమని వారం కాలేదు. వాడు అడిగిందాంట్లో అన్యాయం కూడా లేదు. వాళ్ళ నాయన బ్లాగు తెరిస్తే ఏళ్ళ తరబడి అన్నిటికంటే పైన ఒకే టపా కనబడుతుంది. దాన్ని దించి, ఆ చోట దండ వేసిన ఫోటో పెట్టి, పోయిన తేదీ రాయమన్నాడు. పాస్‌వర్డు నా దగ్గరుంది కాబట్టి నన్నడిగాడు. నేను ససేమిరా అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎట్లాంటివాడో చెప్పాలి.

కోసిగి బస్టాండు పక్కన నాది జెరాక్సు, నెట్ అంగడి. ఆయనది అక్కడికి మూడు మైళ్ళ దూరంలో పల్లె. చుట్టుపక్కల ఊళ్ళకు సైకిలు మీద ఉత్తరాలు పంచి పంచి రిటైరైన మనిషి. ఉద్యోగం అయిపోయినా ఖాకీ చొక్కా మాత్రం విప్పలేదు. మొదటిసారి నా అంగడికి ఏదో ఫారం నింపించుకోవడానికి వచ్చాడు. స్క్రీను మీద ఎవరిదో తెలుగు బ్లాగు తెరిచి ఉంటే ఇదేంది అని అడిగాడు. చెప్పాను. ఇందులో రాసిన ఒక్కొక్కదాన్నీ టపా అంటారు చిన్నాయనా అన్నాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"టపా అంటారా? అయితే ఇది నా పనే గదప్పా!"

"నీ పనే."

"ఎవురికి పోతాది?"

"ఎవరు తెరిస్తే వాళ్ళకు."

అది ఆయనకు అస్సలు నచ్చలేదు. "ఎవురికని తెల్వకుండా టపా యేసేది యాడన్నా ఉండాదా? సిగ్గుండాల!" అని తిట్టి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం పెన్సిలుతో రాసిన నాలుగు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. అట్లా మొదలైంది బ్లాగు.

టైపు చేయడం నేర్చుకోలేదు. నేర్పిస్తానంటే "నా చేతి యేళ్ళకు సైకిలు బెల్లు తప్ప ఏమీ రాదప్పా" అనేవాడు. నేను టైపు చేస్తుంటే నా వెనక నిలబడి చదివి చెప్పేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. కొడుకు కొనిచ్చిన ఫోనును తాకే ముందు వేలు నాలుక మీద తడుపుకునేవాడు, ఉత్తరాల కట్ట విప్పేటప్పుడు అలవాటట. గ్లాసు పాడైపోతుంది చిన్నాయనా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఎంతమంది చదివారో అంకె చూపిస్తే ముఖం చిట్లించేవాడు. "ఎంతమంది అని కాదు, ఎవురని చెప్పు" అనేవాడు. ఎవరని నాకేం తెలుసు? చెప్పలేనంటే, చేతికిచ్చినోడి ముఖం తెలియకుండా ఇదేం బట్వాడా అని నన్నే కోప్పడేవాడు.

పని గురించి ఎవరైనా కదిపితే మాత్రం ఆగేవాడు కాదు. ఆయన గొప్ప అంతా ఒక్కటే. ఇంటికి తాళం వేసి ఉందని ఏ ఉత్తరాన్నీ ఊరికే వెనక్కి పంపలేదట. "బీగం చూసి రాసేది కాదప్పా. వాకిలి ముందర నిలబడి మూడుసార్లు పిలవాల. మూడుసార్లకీ పలక్కపోతే అప్పుడు రాయాల, మనిషి లేడని" అనేవాడు. ఆ పిలుపు ఎట్లా ఉండేదో నా అంగడిలో చేసి చూపించేవాడు కూడా. జెరాక్సు కోసం నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

ఆయన రాసిందంతా సుగ్గి గురించే. దీపావళి దాటితే మా వైపు పల్లెలు ఖాళీ అయిపోతాయి. పిల్లాజెల్లాతో సహా గుంటూరు వైపు మిరప చేలకు పోతారు, ఉగాదికి వస్తారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. ఆ అయిదు నెలలూ పిల్లల చదువు చెట్టెక్కుతుంది. పిల్లలను ఊళ్ళోనే ఉంచి చదివించడానికి ఒక హాస్టలు తెరవమని ఆయన పట్టు. తిరిగిన ఆఫీసు తిరగకుండా తిరిగాడు. ఎంతమంది పోయినారు, రుజువేది అన్నారు వాళ్ళు.

"రుజువు కావాల్నంట. సూపిస్తా నా కొడుకులకు!" అని ఊగిపోయాడు ఆ రోజు నా అంగడిలో.

సూపించాడు కూడా. రెండు రోజులు ఊరంతా తిరిగి తాళం వేసిన ప్రతి వాకిలికీ ఫోటో తీశాడు. ఎనభై దాకా వచ్చాయి. ప్రతి ఫోటో కింద ఇంటివాళ్ళ పేర్లు ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. టపాల్లో ఒకదాన్ని ఎప్పటికీ పైనే నిలిపి ఉంచొచ్చు, కొత్తవి ఎన్ని వచ్చినా అది కిందికి జారదు అని అప్పుడే చెప్పాను. "మేకు కొట్టినట్లా? అయితే కొట్టు!" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ దాని పేరు మేకే. ఆ తాళాల టపాను పైన మేకు కొట్టి, కాపీలు తీసి మండలాఫీసులో ఇచ్చాం. నమ్మండి, నెల తిరక్కుండా హాస్టలు వచ్చింది! ఊళ్ళో ఆయన్ని భుజాల మీద మోయడమొక్కటే తక్కువ. నేను కూడా ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ ఎనభైలో ఒక ఇల్లు ఒక అవ్వది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఏటా వీధివాళ్ళతో పాటు తనూ సుగ్గికి పోయేది. ఆ ఏడు మోకాళ్ళు వాచి పోలేకపోయింది. వీధి వీధంతా తాళాలు. తన ఇల్లొక్కటే తెరిచి ఉంటే లోపల ఒంటరి ముసలిది ఉందని దొంగలకు తెలిసిపోతుందని ఆమె భయం. అందుకని ముందు వాకిలికి తానే తాళం వేసుకుని, వెనక సందులోంచి ఇంట్లోకి పోయి ఉండేది. అన్ని ఇళ్ళ మాదిరే తన ఇల్లూ కనబడాలని ఆమె తెలివి. ఏటా పోయే మనిషే కదా అని టపాలాయన ఆ తాళానికీ ఫోటో తీశాడు.

మేమిచ్చిన కాపీ ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోయి, ఓటర్ల లిస్టు సరిచూసే మనిషి చేతికి చిక్కింది. ఊరికి వచ్చే బాధ తప్పిందనుకున్నాడేమో, కూర్చున్నచోటి నుంచే తాళాలవాళ్ళకు ఫోన్లు చేశాడు. గుంటూరు నుంచి అందరూ పలికారు, ఉగాదికి వస్తాం, మా ఓటు తీయొద్దన్నారు. అవ్వకు ఫోను లేదు. ఊరు విడిచిపోయిందని పేరు కొట్టేశాడు.

ఎన్నికల రోజు బూతులో లిస్టు తిరగేసి, నీ పేరు లేదు పొమ్మన్నారు. ఎందుకు లేదో అక్కడే ఎవరో చెప్పారు. ఆమె అక్కడ ఎవరితోనూ గొడవ పడలేదు. కట్టె పట్టుకుని నేరుగా టపాలాయన ఇంటికి నడిచి, వాకిట్లో నిలబడింది. ఆ మాటలు ఆయన మరుసటి రోజు నా అంగడికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు, నేను టైపు చేశాను.

"ఊరిడిసి పోయినానంట. యాడికి పోయినానప్పా నేను? ఆ పొద్దు నువ్వు నా వాకిలి కాడికి వచ్చింటివి. సెప్పుల సప్పుడు నాకు ఇనపడె. టపాలాయన కదా, పిలుస్తాడులే అని లోపల కూసోని సూస్తి. పిల్సకుండానే పోతివి. పిల్సింటే పలికేదాన్ని గదప్పా!"

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో తడి లేదు, వణుకు లేదు. గోడ వైపు చూస్తూ ఒక్కొక్క మాటా నింపాదిగా చెప్పాడు. టపా పేరు ఏం పెట్టాలి అని అడిగాను.

"'ఈ ఇంట్లో మనిషి ఉంది. నేను పిలవలేదు.' అంతే. కింద నా పేరు పెట్టు. అడ్రసు పెట్టు. తాళాల టపా దించి దీనికి మేకు కొట్టు."

"అన్నిటికంటే పైనా?"

"పైన్నే."

"చిన్నాయనా, హాస్టలు తెచ్చిన టపా అది. జనం మంచివాటినే పైన పెట్టుకుంటారు."

"మంచిది యాడున్నా మంచిదే. కిందకి పోతే చెడిపోతాదా? ఇది కిందకి పోతే మాత్రం ఎవురూ సూడరు."

కొట్టాను మేకు. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఊరికి అంత మేలు చేసిన మనిషి, తప్పును నొసట అంటించుకుని తిరగడం ఏమిటి? రెండు నెలలు పోతే చల్లబడతాడు, అప్పుడు దించుదాం అనుకున్నాను. చల్లబడడం ఆ ఒంట్లోనే లేదని అప్పటికి నాకు తెలియదు.

ఏడాది తర్వాత కడపలో బ్లాగులు రాసేవాళ్ళు కొందరు సభ పెట్టి, ఆయన్ని పిలిచి శాలువా కప్పుతామన్నారు. పెద్ద తెర మీద ఆయన బ్లాగు చూపిస్తారట. ఆ మాట వినగానే నా బుర్రలో పురుగు తిరిగింది. పెద్ద తెర మీద మొదట కనబడేది 'నేను పిలవలేదు' అనా! సభకు నాలుగు రోజుల ముందు, ఆయనకు చెప్పకుండా, మేకు పీకి తాళాల టపాను మళ్ళీ పైకి ఎక్కించాను. ఆయన మంచికే చేశాననుకున్నాను.

మరుసటి రోజు పొద్దున నేను షట్టరు ఎత్తేటప్పటికే సైకిలు ఆనించి నిలబడి ఉన్నాడు. రోజూ నిద్ర లేస్తూనే ఫోనులో బ్లాగు తెరిచి చూసేవాడని నాకేం తెలుసు?

"ఎవుర్నడిగి తీసినావు?"

"నీ మంచికే చిన్నాయనా. నలుగురిలో పరువు..."

"పరువు! ఆ యమ్మ పేరు తీసినోడూ నీ మాదిరే ఒక్క నొక్కు నొక్కింటాడు. వాని యేలికి నొప్పి కూడా పుట్టిండదు. నువ్వు అంతకన్నా ఏం తక్కువ చేసినావప్పా? ఆ యమ్మను రెండోసారి తీసేస్తివి!"

జెరాక్సుకు వచ్చినవాళ్ళు చూస్తున్నారు. నాకూ రోషం వచ్చింది. తిడితే తిట్టావు గానీ అందరి ముందరా ఏంటికి అన్నాను. "అందరి ముందరే. తప్పు అందరి ముందరే కదా చేసినాం?" అన్నాడు. చేసినాం అన్నాడు, చేసినాను అనలేదు. అప్పుడు పట్టించుకోలేదు నేను. కంప్యూటరు ఆన్ చేసి, ఆయన నా వెనక చేతులు కట్టుకుని నిలబడి చూస్తుండగా, మళ్ళీ మేకు కొట్టాను. టీ తెప్పిస్తే తాగలేదు.

కడప సభలో శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన మైకు ముందుకు పోయి, తెర మీది ఆ టపా ఒక్కటే మొదటి నుంచి చివరి దాకా చదివి దిగిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సభ పెట్టినాయన దగ్గి, సర్దుకుని, ఇంకొకరిని పిలిచాడు. తిరుగు బస్సులో శాలువా మడిచి నా ఒళ్ళో పెట్టి, "నీ అంగట్లో మిషను మీద కప్పు, దుమ్ము పడకుండా ఉంటాది" అన్నాడు. ఆ మనిషి మీద నాకు అంత కోపమూ అంత ప్రేమా ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

ఇంకో పక్క అవ్వ పేరు మళ్ళీ ఎక్కించడానికి ఆయన పడిన పాట్లు చూడాలి. మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. విచారణకు వచ్చినవాడు వాకిలికి తాళం చూసి వెళ్ళిపోయాడు. తాళం తీసెయ్ పెద్దమ్మా అంటే ఆమె ససేమిరా తీయనంది. ఆమె భయం ఆమెది. రెండో దరఖాస్తు పెట్టి, ఇక ఈయనే ఖాకీ చొక్కా తొడుక్కుని, స్టూలు తెచ్చుకుని, ఆ తాళం పక్కన కూర్చున్నాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, విచారణ మనిషి వచ్చేదాకా. ఆ రోజు నేను చద్ది ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను. బండి మీద వచ్చినతను తాళం చూసి, ఏదో రాసుకోబోయాడు.

"ఏమప్పా, ఏం రాస్తాండావు?"

"తాళం వేసింది కదా పెద్దాయనా."

"ఓటు తాళానికి కాదు, మనిషికి. మూడుసార్లు పిలువు."

"నాకింకా చాలా ఇళ్ళున్నాయి."

"నాకు నలభై ఊళ్ళుండె. పిలువు!"

అతను గొణుక్కుంటూ పిలిచాడు. రెండో పిలుపుకే వెనక సందులోంచి "వస్తాండా, వస్తాండా, ఉండప్పా" అని గొంతు వినిపించింది. కట్టె చప్పుడు తర్వాత వచ్చింది. టపాలాయన స్టూలు మీద నుంచి లేచి, ముఖం అటు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. నేను చూడనట్టే చద్ది మూత తీశాను.

పేరు వచ్చింది. తర్వాతి ఎన్నికల్లో ఓటు వేసి, సిరా చుక్క పెట్టిన వేలు చూపించింది అవ్వ. అప్పుడు ఈయన ఆమె ముందు ఫోను పట్టుకుని ఆ టపా మొత్తం చదివి వినిపించి అడిగాడు.

"పేరు వచ్చె గదా పెద్దమ్మా. ఇంక దీన్ని పైనించి దించమంటావా? నువ్వెట్ల చెప్తే అట్ల."

ఆమెకు బ్లాగంటే ఏమిటో తెలియదు. ఏదో గోడ మీద అంటించిన కాగితం అనుకుంది కాబోలు.

"ఉండనీలేప్పా. మల్లా సుగ్గికి పోతారు, మల్లా బీగాలు ఏస్తారు. ఇంగో ముసిల్ది యాడన్నా ఉంటాది."

ఆ మాటతో మా ఇద్దరి మధ్య వాదన అయిపోయింది. ఆ పై ఏడాది అవ్వ పోయింది. మొన్న ఈయన పోయాడు, గుండె పట్టేసి, ఆసుపత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వకుండా. బ్లాగు మాత్రం ఉంది. పైన ఆ టపా ఉంది.

ఫోనులో తీయనన్నానని కొడుకు ఊరుకోలేదు. నిన్న బద్వేలు నుంచి బస్సెక్కి నేరుగా నా అంగడికే వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. టీ తెప్పించాను.

"అన్నా, మా నాయన ఎన్ని మంచి పనులు చేసినాడో నీకన్నా తెల్సినోళ్ళు లేరు. రేపు నా పిల్లోళ్ళు తాత బ్లాగని తెరిస్తే మొదట తప్పు కనపడాల్నా?"

"కనపడాల."

"నీకేమన్నా! సులభంగా చెప్తాండావు. నీకేం పోయింది? తప్పు మా నాయనది. కింద ఉండే పేరు మా నాయనది."

నేను తల దించుకుని కీబోర్డు మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. వాడు నేను మొండికేస్తున్నాననుకుని, టీ గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టి లేచి వెళ్ళిపోయాడు. వాడు పోయాక షట్టరు సగం దించి కూర్చున్నాను. ఎందుకంటే ఇంతవరకు నేను ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది.

తాళాలకు ఫోటోలు తీయడానికి తిరిగిన మొదటి రోజు ఆయన ప్రతి వాకిలి ముందరా పిలిచాడు. అలవాటు ప్రకారం మూడుసార్లు. ఆ కేకలకు పిల్లలూ, పక్క వీధివాళ్ళూ ఏమిటేమిటని వచ్చి ఫోటోల్లో నిలబడ్డారు. సాయంత్రం అవి చూసి నేను నెత్తి కొట్టుకున్నాను. "పిలిచేది మానుకో చిన్నాయనా! ఇంతమంది జనం కనపడితే ఊరు ఖాళీ అయిందని ఆఫీసులో ఎవరు నమ్ముతారు? ఉత్త తాళాలే పడాల. గమ్మున పో, గమ్మున తీసుకుని రా" అన్నాను. ఆయన అయిష్టంగానే సరే అన్నాడు. రెండో రోజు ఎవరినీ పిలవలేదు. అవ్వ ఇల్లు రెండో రోజుది.

'నేను పిలవలేదు' అని ఆయన చెబుతుంటే తల ఎత్తకుండా టైపు చేసిన చేతులు ఇవి. పిలవొద్దన్నది నువ్వే కదప్పా అని ఆయన ఒక్కసారి, ఒక్కసారైనా అనలేదు. అందరి ముందర నన్ను తిట్టిన రోజు కూడా అనలేదు. కడప సభకు ముందు నేను మేకు పీకింది ఆయన పరువు కోసమని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. ఆ టపా చూసినప్పుడల్లా నాకు సిగ్గు.

కంప్యూటరు తెరిచాను. ఆయన మాట ఒక్కటి కూడా కదపకుండా, ఆయన పేరు కింద రెండు లైన్లు కలిపాను. "పిలవొద్దని చెప్పింది నేను. ఫోటోలో మనుషులు పడితే పని జరగదన్నాను, ఆయన నా మాట విన్నాడు." కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. ఆ కింద అంగడి అడ్రసు. ఆయన పోయిన సంగతి రాసి, ఫోటో పెట్టి, దాన్ని రెండో టపాగా వేశాను. పైది పైనే ఉంది. చూసుకోమని కొడుక్కు లింకు పంపాను.

ఈ పొద్దున వాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నేను కలిపిన రెండు లైన్లూ చదివానన్నాడు. తర్వాత అడిగాడు.

"నాయనకు ఇదంతా తెల్సు గదన్నా? మరి నీ పేరు ఏంటికి రాయలేదు?"

"నేనెప్పుడూ అడగలేదబ్బా. ఆయన ముందర ఆ మాటెత్తే ధైర్యం నాకు లేకపాయె" అన్నాను.